కోర్టు వరండాలోని బెంచీ: నేర విచారణను తమాషాగా మార్చకుండా అనుసరించడం ఎలా

హత్య కేసు విచారణ జరిగే రోజున చనిపోయిన వ్యక్తి తల్లి కోర్టు హాలులో ముందు వరుసలో కూర్చుని అంతా వింటూ ఉంటుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అలా జరగదు. ఆమె పేరు కూడా ప్రాసిక్యూషన్ సాక్షుల జాబితాలో ఉంటే, తన వంతు సాక్ష్యం పూర్తయ్యే వరకు ఆమెను బయటే ఉండమంటారు. ఒకరు చెప్పినదాన్ని విని మరొకరు తమ మాట సర్దుకోకూడదన్నది ఆ పద్ధతి వెనుక ఉన్న ఉద్దేశం. అందువల్ల తన బిడ్డ ఎలా చనిపోయాడో లోపల ఒక్కొక్కరూ చెబుతున్నంత సేపూ ఆమె వరండాలోని బెంచీ మీద, బంట్రోతు తన పేరు ఎప్పుడు పిలుస్తాడా అని తలుపు వైపు చూస్తూ కూర్చుంటుంది. అదే సమయంలో లోపలి సంగతి అరకొరగా బయటికి వచ్చి, నేపథ్య సంగీతం జోడించుకుని, ఎర్రటి అక్షరాల థంబ్‌నెయిల్ తగిలించుకుని, ఎక్కడో బస్సులో కూర్చున్న మనిషి ఫోనులోకి ఆమెకంటే ముందే చేరిపోతుంది.

నేను ఒక జిల్లా కేంద్రంలో పదకొండేళ్లు కోర్టు వార్తలు రాశాను. ఆ బెంచీ మీద కూర్చున్నవారిని దాటుకుని లోపలికి వెళ్లడం నాకు రోజువారీ పని కాబట్టి, మొదటి మూడు నాలుగేళ్లు నేను వాళ్లను చూశానని కూడా చెప్పలేను. ఒక కేసులో ప్రత్యక్ష సాక్షి అడ్డం తిరిగినప్పుడు ‘హత్య కేసులో కొత్త మలుపు’ అని శీర్షిక పెట్టాను. తర్వాతి వాయిదా రోజున హతుడి తల్లి నన్ను ఆపి, చేతి సంచిలోంచి ఆ పేపరు కటింగు తీసి, ‘‘మలుపంటే ఏంటి బాబూ, కేసు పోయినట్టా?’’ అని అడిగింది. ఆ కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి మందుల చీటీతో పాటు దాచుకుంది. నా దగ్గర జవాబు లేదు. పాఠకుడు పేజీ తిప్పకుండా ఆగాలని వాడిన మాట అది. దానికి ఒక అర్థం ఉండాలని రాసేటప్పుడు నాకు తోచనే లేదు.

నేర వార్తలు చదవవద్దని, విచారణలను పట్టించుకోవద్దని నేను చెప్పబోవడం లేదు. న్యాయస్థానం తలుపులు ప్రజలకు తెరిచి ఉండటం అందరికీ రక్షణే. ఎవరూ కన్నెత్తి చూడని కేసు ఎంత నిశ్శబ్దంగా నీరుగారిపోతుందో కూడా ఆ వరండాలోనే చూశాను. చూసే పద్ధతిని ఎలా మార్చుకోవాలన్నదే ఇక్కడి విషయం.

ముందుగా లెక్క మార్చుకోండి

వినోదం ఎపిసోడ్ల లెక్కలో నడుస్తుంది, కేసు వాయిదాల లెక్కలో నడుస్తుంది. మిగిలిన తప్పులన్నీ ఈ రెండు లెక్కలనూ కలిపేయడం వల్లే వస్తాయని నా నమ్మకం. ఎపిసోడ్‌కు ప్రతి రోజూ కొత్త సంగతి కావాలి. వాయిదాకు వెళ్లినవారికి మాత్రం జడ్జిగారు సెలవులో ఉన్నారనో, నిందితుణ్ని జైలు నుంచి తీసుకురావడానికి ఎస్కార్టు దొరకలేదనో, ఫోరెన్సిక్ నివేదిక ఇంకా అందలేదనో చెప్పి ఇంకో తేదీ ఇస్తారు. ఈ రెండింటి మధ్య ఖాళీని పూరించడానికే ‘సంచలన నిజాలు’, ‘ఎవరికీ తెలియని కోణం’, ‘అసలు ఆ రాత్రి ఏం జరిగింది’ వంటివన్నీ పుట్టుకొస్తాయి.

విజయవాడ దగ్గర ఒక హాస్టల్‌లో 2007 డిసెంబరు 27న ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఆమె పేరు తెలుగువారిలో చాలామందికి తెలుసు. నేను రాయను, ఎందుకో కింద చెబుతాను. 2008లో పోలీసులు ఒక యువకుణ్ని అరెస్టు చేశారు, 2010లో విజయవాడ కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష విధించింది, 2017 మార్చి 31న హైకోర్టు అతణ్ని నిర్దోషిగా ప్రకటించింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైలులో ఉన్నాడు. హంతకుడు అతను కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులు హైకోర్టు తీర్పుకు ఎంతో ముందు నుంచీ చెబుతూనే ఉన్నారు. 2018లో హైకోర్టు ఆదేశంతో దర్యాప్తు సీబీఐకి వెళ్లింది, 2019 డిసెంబరులో తెనాలిలో ఆమె సమాధిని తవ్వి అవశేషాలకు మళ్లీ పరీక్షలు జరిపారు. ఎపిసోడ్ల లెక్కలో చూస్తే ఇందులో అరెస్టు, శిక్ష, విడుదల, సమాధి తవ్వకం అని నాలుగు ఘట్టాలు కనిపిస్తాయి, ఒక్కో ఘట్టానికీ నాలుగు రోజుల చర్చ సరిపోతుంది. వాయిదాల లెక్కలో చూస్తే, కూతుర్ని ఒకసారి మట్టిలో పెట్టిన తల్లిదండ్రులు పన్నెండేళ్ల తర్వాత ఆ మట్టిని తవ్వడానికి ఒప్పుకోవలసి వచ్చింది. ఆ రెండు తేదీల మధ్య ఉన్న నాలుగు వేలకు పైగా రోజుల్లో చాలావాటిలో ఏ చర్చా లేదు.

కాబట్టి మొదట చేయవలసిన పని ఇది. మీకు పట్టింపు ఉన్న కేసు ఒకటి ఎంచుకోండి. ఒకేసారి పదింటి వెంట పడవద్దు. దాని నంబరు తెలుసుకోండి. ప్రతి కేసుకూ పదహారు అక్షరాంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో దాన్ని కొడితే కేసు ఏ దశలో ఉంది, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్నవి కనిపిస్తాయి. ఆ తేదీని ఫోనులో గుర్తు పెట్టుకుని, ఆ రోజు వరకు ఆ కేసు మీద వచ్చే ఏ వీడియోనూ తెరవకుండా ఉండి చూడండి. ఏమీ కోల్పోరు. కోల్పోయామనిపిస్తే మీరు అనుసరిస్తున్నది కేసును కాదని తేలిపోతుంది.

క్లిప్పు వచ్చినప్పుడు

2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ప్రణయ్ అనే యువకుణ్ని ఒక ఆసుపత్రి బయట కత్తితో నరికి చంపారు. గర్భిణి అయిన భార్యను పరీక్షకు తీసుకువచ్చి, తల్లితో కలిసి ముగ్గురూ బయటికి వస్తున్నప్పుడు వెనుక నుంచి ఆ దాడి జరిగింది. కులాంతర వివాహం చేసుకున్నందుకు ఆమె తండ్రే డబ్బిచ్చి చేయించిన హత్య అది. ఆసుపత్రి సీసీ కెమెరాలో రికార్డయిన దృశ్యం ఆ సాయంత్రానికే ఫోన్లలోకి వచ్చేసింది. టీవీ తెర మీద అదే దృశ్యం, నరికిన చోట ఎర్రటి గుండ్రం చుట్టి, వేగం తగ్గించి, మళ్లీ మొదటి నుంచి వేస్తూ పోయారు.

ఆ దృశ్యం కోర్టుకు అవసరం. అది సాక్ష్యం. దాన్ని జడ్జి చూడాలి, ప్రాసిక్యూటర్ చూడాలి, నిందితుల తరఫు న్యాయవాది చూడాలి. మీరూ నేనూ దాన్ని పదోసారి చూడటం వల్ల న్యాయానికి పిసరంత బలం కూడా చేకూరదు. ఆ క్లిప్పులో పరుగెత్తుతూ కనిపించేది నటులు కాదు. ఆ రోజు ఆయనతో ఉన్న తల్లీ భార్యా తర్వాత కూడా ఫోన్లు వాడారు, వార్తలు చూశారు. వాళ్ల తెర మీద కూడా అది వచ్చే ఉంటుంది.

ఇటువంటి క్లిప్పు మీకు వాట్సాప్‌లో వస్తే, ముందుగా మీడియా ఫైళ్లు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా సెట్టింగు మార్చుకోండి. ఇష్టం లేకుండానే చూసేయడం చాలా వరకు దానివల్లే జరుగుతుంది. పంపినవారికి గ్రూపులో అందరి ముందు ఉపన్యాసం ఇవ్వకండి, విడిగా ఒక మాట చెప్పండి. ‘‘బాబాయ్, అందులో వాళ్లమ్మ కూడా ఉంది, తీసేస్తారా’’ అంటే చాలామంది మారుమాట లేకుండా తీసేస్తారు. ‘‘ఇలాంటివి పంపడం నేరం’’ అంటే వాదనకు దిగుతారు. యూట్యూబ్‌లో కనిపిస్తే, తిట్టడానికైనా సరే వ్యాఖ్య రాయకండి. తిట్టు కూడా ఆ వీడియోకు లెక్కలోకి వచ్చే స్పందనే. మూడు చుక్కలు నొక్కి ‘ఆసక్తి లేదు’ ఎంచుకుంటే, అటువంటివి మళ్లీ ముందుకు రావడం తగ్గుతుంది.

అదే కేసు ఆధారంగా 2020లో ఒక సినిమా ప్రకటించినప్పుడు ఆ కుటుంబం దాన్ని ఆపమని కోర్టుకు వెళ్లవలసి వచ్చింది. అప్పటికి హత్య కేసులో తీర్పు రాలేదు. ఒక పక్క చనిపోయినవాడి కోసం ఒక కోర్టులో, అతని కథను ఎవరో అమ్ముకోకుండా ఆపడం కోసం ఇంకో కోర్టులో నిలబడటమంటే ఎన్ని బస్సు టిక్కెట్లో, ఎన్ని వకాలత్తులో ఆలోచించండి.

పేరు దగ్గర ఆగండి

అత్యాచార బాధితుల పేరుగానీ, గుర్తింపు తెలిపే వివరాలుగానీ ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. పాత శిక్షాస్మృతిలో ఇదే 228-ఏ సెక్షన్‌గా ఉండేది. బాలల విషయంలో, వారిపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా ఇటువంటి నిషేధమే విధిస్తుంది. బాధితురాలు చనిపోయినా ఈ నిషేధం పోదని, సామాజిక మాధ్యమాలకూ ఇది వర్తిస్తుందని, చనిపోయినవారి పేరు వెల్లడించవలసిన అవసరం ఉందని కుటుంబం భావించినా దాన్ని సెషన్స్ జడ్జి నిర్ణయించాలని 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గుర్తింపు అంటే పేరొక్కటే కాదు; కాలేజీ పేరు, వీధి, తండ్రి ఉద్యోగం, ఇంటి గేటు ఫొటో కలిపితే ఊరంతా తెలుసుకుంటుంది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం జరిపి హత్య చేసిన ఘటనలో, ఆమె పేరు, ఫొటో ఒక్క రోజులోనే దేశమంతా తిరిగాయి. హ్యాష్‌ట్యాగ్‌లో ఆమె పేరు పెట్టినవాళ్లు చాలావరకు మంచి ఉద్దేశంతోనే పెట్టారు. ఆ తర్వాత పోలీసులు ఆమెను ‘దిశ’ అని పిలవమని కోరవలసి వచ్చింది. ఆమె కుటుంబం ఉండే కాలనీవాసులు గేటుకు తాళం వేసి, మీడియా వద్దు, పోలీసులు వద్దు, బయటివారు వద్దు, సానుభూతి వద్దు, చర్య కావాలి అని రాసిన అట్టలు పట్టుకుని నిలబడ్డారు. పరామర్శ అనే మాటకు మన సంస్కృతిలో ఎంత విలువ ఉందో మనకు తెలుసు. అటువంటి చోట గేటుకు తాళం పడిందంటే లోపల ఉన్నవారికి ఎంత విసుగు పుట్టి ఉండాలి. ఆ ఘటన మీద సినిమా తీయబోయినప్పుడు ఆమె తండ్రి కూడా హైకోర్టును ఆశ్రయించారు.

పేరు రాయకుండా మాట్లాడటం కష్టమేమీ కాదు. ఊరు, ఏడాది చెబితే వినేవారికి అర్థమవుతుంది. నేను పైన విజయవాడ కేసు గురించి రాసింది అలాగే. ఇప్పటికే రాసిన పాత పోస్టులు మీ ఖాతాలో ఉంటే వెతికి తీసేయండి. మంచి ఉద్దేశంతో పెట్టినదైనా సరే.

‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న శీర్షికను ఎలా చదవాలి

అరెస్టు రోజున వచ్చే వార్తల్లో అత్యంత ఆకర్షణీయమైన వాక్యం ఇదే, అత్యంత బలహీనమైన వాక్యం కూడా ఇదే. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువుగా వాడుకోకూడదని చట్టం చెబుతోంది. పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. ఆ ఒప్పుకోలు ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, దొరకడానికి సంబంధించిన భాగం వరకు మాత్రమే పనికివస్తుంది. అయితే శీర్షిక చదివిన కుటుంబానికి ఈ సంగతి ఎవరు చెబుతారు? ‘ఒప్పుకున్నాడు కదా, ఇంకేముంది’ అనుకుని ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగి, చివరికి రుజువు కాలేదని కేసు కొట్టేసినప్పుడు వాళ్లకు కలిగేది మామూలు నిరాశ కాదు, తమను ఎవరో మోసం చేశారన్న భావన. దాన్ని నాటింది ఆ మొదటి రోజు శీర్షికే.

నిందితుడి ముఖానికి ముసుగు ఎందుకు వేస్తారని చాలామంది కోపగించుకుంటారు. ‘హంతకుడికి గౌరవమా’ అన్న వ్యాఖ్య లేని పోస్టు ఉండదు. ప్రత్యక్ష సాక్షి జైలులో మేజిస్ట్రేటు ముందు జరిగే గుర్తింపు పరేడ్‌లో అనేకమంది మధ్య నుంచి నిందితుణ్ని గుర్తించవలసి ఉంటుంది. ఆ ముఖం ముందే టీవీలో వచ్చేస్తే, ‘సాక్షి ఇతణ్ని ఘటనాస్థలంలో చూసి కాదు, టీవీలో చూసి గుర్తుపట్టాడు’ అని డిఫెన్సు న్యాయవాది అడుగుతారు, ఆ ప్రశ్నకు జవాబుండదు. మనం షేర్ చేసిన ఫొటో ఆ విధంగా చనిపోయినవారి పక్షానే దెబ్బ కొడుతుంది.

కుటుంబ సభ్యుల ఇంటర్వ్యూల విషయమూ అంతే. శవం ఇంటికి చేరకముందే మైకు ముందు తండ్రి చెప్పిన రెండు మాటలు, మూడేళ్ల తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్‌లో అతనికే ఎదురొస్తాయి. ‘ఆ రోజు తొమ్మిదింటికి ఫోను వచ్చిందని చెప్పారు, ఈ రోజు పదిన్నర అంటున్నారు’ అని అడిగితే, బిడ్డ శవం కోసం ఎదురుచూస్తూ గడియారం చూడలేదని చెప్పడానికి అతనికి మాట పెగలదు. అటువంటి ఇంటర్వ్యూ మీ ముందుకు వస్తే, చూడకుండా దాటేయడం ఆ తండ్రికి మీరు చేయగలిగిన మేలు.

ఏది హద్దు దాటినట్టో తేల్చుకోవడానికి 2021 జనవరి 18న బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పు మంచి కొలబద్ద. ఒక సినీ నటుడి మరణంపై నెలల తరబడి సాగిన టీవీ చర్చల నేపథ్యంలో వచ్చిన ఆ తీర్పు, దర్యాప్తు నడుస్తుండగా బాధితుడి, నిందితుడి నడవడి గురించి మాట్లాడటం, సాక్షులను, వారి కుటుంబాలను ఇంటర్వ్యూ చేయడం, ఘటనను నటులతో మళ్లీ చిత్రించడం, ఒప్పుకోలు ప్రకటనలను ప్రసారం చేయడం వంటివి మానుకోవాలని మాధ్యమాలకు చెప్పింది. మీరు చూస్తున్న కార్యక్రమంలో వీటిలో రెండు కనిపిస్తే ఛానెల్ మార్చేయండి. మూడో దాని కోసం ఆగనక్కరలేదు.

రెండో పేరు అడగండి

ఒక కేసు మీకు ఎంత తెలుసో పరీక్షించుకోవడానికి నేను వాడే ప్రశ్న ఒకటుంది. 1995లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు ఓ.జె. సింప్సన్ మీద జరిగిన హత్య విచారణను టీవీలో ప్రపంచమంతా చూసింది. న్యాయవాదులు, జడ్జి, చివరికి చేతికి సరిపోని తొడుగు కూడా ప్రసిద్ధి పొందాయి. నిందితుడి మాజీ భార్యతో పాటు 1994 జూన్ 12న చనిపోయిన రెండో మనిషి ఎవరు? అతని పేరు రోనాల్డ్ గోల్డ్‌మన్, వయసు 25, ఒక రెస్టారెంటులో వెయిటర్. ఆ సాయంత్రం అక్కడ భోజనం చేసి వెళ్తూ ఆమె తల్లి మరచిపోయిన కళ్లజోడు ఇచ్చి రావడానికి ఆ ఇంటికి వెళ్లాడు. తొడుగు గుర్తున్నవారిలో కళ్లజోడు గుర్తున్నవారు ఎంతమంది?

మన దగ్గర 2008 మేలో నోయిడాలో పదమూడేళ్ల బాలిక హత్య కేసులో రెండో పేరు హేమ్‌రాజ్. నేపాల్ నుంచి వచ్చి ఆ ఇంట్లో పనిచేసేవాడు. మొదటి రోజు పోలీసులు అతణ్నే హంతకుడిగా అనుమానించి వెతుకులాట మొదలుపెట్టారు. మరుసటి రోజు అతని శవం అదే ఇంటి మేడ మీద దొరికింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ బాలిక కుటుంబం గురించి, తల్లిదండ్రుల గురించి వచ్చిన రాతలకు లెక్క లేదు. 2013లో కింది కోర్టు ఆ తల్లిదండ్రులకు శిక్ష వేసింది, 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు వారిని నిర్దోషులుగా విడుదల చేసింది. హేమ్‌రాజ్ భార్య ఆ తీర్పుపై సుప్రీంకోర్టుకు వెళ్లింది. భర్త చనిపోవడమే కాదు, ఒక రోజంతా హంతకుడిగా ప్రచారం కావడం, ఆ తర్వాత అతని గురించి అసభ్యమైన ఊహాగానాలు టీవీలో వినడం ఆమె భరించింది. ఈ దేశంలో ఆ కేసు గురించి గంటల కొద్దీ మాట్లాడగలవారికి కూడా హేమ్‌రాజ్‌కు ఎవరెవరున్నారో తెలియదు.

మీరు అనుసరించే కేసులో రెండో పేరు ఎవరిదో, వారి వెనుక ఎవరున్నారో తెలుసుకోండి. పనిమనిషి, డ్రైవరు, వాచ్‌మన్, దారిన పోయే మనిషి. తరచుగా పేదవాళ్లే రెండో పేరు అవుతారు.

సాక్ష్యాలు మొదలయ్యాక

ఈ దశలో వార్తలు తగ్గిపోతాయి, కాబట్టి చెప్పవలసింది కూడా తక్కువే. క్రాస్‌లో డిఫెన్సు న్యాయవాది వేసే ప్రశ్నలు కఠినంగా ఉంటాయి, అది వారి విధి. నిందితుడి పక్షాన వాదించినందుకు ఆ న్యాయవాదిని తిట్టే గుంపులో చేరకండి, డిఫెన్సు సరిగ్గా జరగని శిక్ష పై కోర్టులో నిలవదు. అత్యాచార కేసుల్లో బాధితురాలి గత జీవితాన్ని, నడవడిని తవ్వే ప్రశ్నలను సాక్ష్య చట్టమే నిషేధించింది. న్యాయవాది కోర్టులో అడగకూడని ప్రశ్నను మనం వ్యాఖ్యల పెట్టెలో అడుగుతున్నామా అని చూసుకోవాలి. ప్రణయ్ భార్య విషయంలో, ముఖ్యంగా 2020 మార్చిలో ఆమె తండ్రి మరణం తర్వాత, తెలుగు వ్యాఖ్యల్లో జరిగినది అదే. భర్తను పోగొట్టుకున్న మనిషే ముద్దాయిలా జవాబులు చెప్పుకోవలసి వచ్చింది.

హైకోర్టుల ప్రత్యక్ష ప్రసారాల నుంచి కోసిన ‘జడ్జి ఫైర్’ క్లిప్పులను నమ్మకండి. విచారణలో జడ్జి నోటితో అన్న మాట ఆదేశం కాదు. ఆదేశం రాతపూర్వకంగా వస్తుంది, కోర్టు వెబ్‌సైటులో దొరుకుతుంది. పైగా ఆ ప్రసారాలను అనుమతి లేకుండా కోసి వాడుకోకూడదని నిబంధనలే ఉన్నాయి.

ఆ కుటుంబం మీకు తెలిసినవారైతే

దూరం నుంచి చూసేవారి కంటే వీరి చేతిలో ఎక్కువ పని ఉంది. వార్తల లింకులు వాళ్లకు పంపకండి. ‘ఇది చూశారా’ అని అడగకండి. వాయిదా రోజున తోడు వెళ్లండి. పొద్దున పదింటికి వెళ్లినవారికి సాయంత్రం నాలుగు వరకు పిలుపు రాకపోవచ్చు, కాబట్టి క్యారేజీ, నీళ్ల సీసా, ఫోను ఛార్జరు పట్టుకెళ్లండి. నిందితుడి బంధువులు కూడా అదే వరండాలో ఉంటారు, అదే కొళాయి దగ్గర నీళ్లు తాగుతారు. ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లకు అది ఎంత నరకమో చెప్పలేను. బెదిరింపులు వస్తే సాక్షుల రక్షణ పథకం కింద జిల్లా స్థాయిలో దరఖాస్తు చేసుకోవచ్చు.

హక్కుల విషయంలో నాలుగు సంగతులు తెలిసి ఉంటే చాలు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా పోలీసులు బాధితులకు తెలియజేయాలని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత చెబుతోంది. కోర్టు అనుమతితో ప్రాసిక్యూషన్‌కు సాయంగా సొంత న్యాయవాదిని పెట్టుకోవచ్చు. పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. చాలా జిల్లాల్లో అది కోర్టు ఆవరణలోనే ఉంటుంది, అయినా ఆ తలుపు తట్టమని వీళ్లకు చెప్పేవారే ఉండరు. నిందితుణ్ని వదిలేస్తే, ప్రభుత్వం ముందుకు వచ్చినా రాకపోయినా, బాధితులు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు. 2009 సవరణతో వచ్చిన హక్కు ఇది.

తీర్పు రోజు

దిశ కేసులో విచారణ జరగనే లేదు. 2019 డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు. ఆ కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చింది, అది ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని తేల్చింది. ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యాల మీద నిలబెట్టి చెప్పే తీర్పు ఆ కుటుంబానికి ఇక ఎప్పటికీ దొరకదు. ముగింపు తొందరగా కావాలనే ప్రేక్షకులకు మాత్రం తొమ్మిది రోజుల్లో ముగింపు దొరికింది.

ప్రణయ్ కేసులో నల్గొండలోని ప్రత్యేక కోర్టు 2025 మార్చి 10న ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించింది. హత్య జరిగి ఆరున్నరేళ్లు. తీర్పు రోజున కోర్టు బయట నుంచి లైవ్‌లు చూసినవారికి అది ఆఖరి ఎపిసోడ్‌లా అనిపించి ఉంటుంది. కింది కోర్టు వేసిన మరణశిక్షను హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అమలు కాదు, మిగిలినవారికి అప్పీలు హక్కు ఉంటుంది. అందువల్ల తీర్పు రోజున ‘న్యాయం గెలిచింది’ అని రాసి ఆ కేసును మరచిపోకండి. హైకోర్టు అప్పీలు నంబరు వెతికి రాసుకోండి.

నేను మలుపు అని రాసిన ఆ కేసులో అయిదో ఏడు తీర్పు వచ్చింది, శిక్ష పడింది. బయట మైకులు పట్టుకున్నవారు ఆ తల్లిని ‘మీ స్పందన ఏమిటి’ అని అడుగుతుంటే ఆమె వాళ్లను దాటుకుని బెంచి క్లర్కు దగ్గరికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను, ఈసారి పుస్తకం తీయలేదు. పోలీసులు స్వాధీనం చేసుకుని కేసులో వస్తు సాక్ష్యంగా పెట్టిన కొడుకు చేతి వాచీ ఎప్పుడిస్తారని ఆమె అడిగింది. అట్ట చీటీ కట్టి, దాని మీద ఎర్ర సిరాతో ఏడో నంబరు వేసి, అయిదేళ్లుగా అది బీరువాలో ఉంది. క్లర్కు తీర్పు చివరి పేజీ తిప్పి చూసి, అప్పీలు గడువు ముగిశాక, అప్పీలు వేస్తే అది తేలాక ఇస్తారమ్మా అని చెప్పాడు. ఆమె సంచిలోంచి ఒక కాగితం ముక్క తీసి, ‘‘ఏ తేదీకి రమ్మంటారో ఇందులో రాసివ్వండి బాబూ’’ అంది.